వేలంపాటకెక్కిన వెండి పన్నీరుబుడ్డి

ఇవాళ మా చర్చిలో కోతల పండుగ. దేవుడికని తెచ్చిన రాగులు, గుమ్మడికాయలు, కోళ్లు బల్ల మీద పెట్టి, ఆరాధన అయ్యాక వేలం వేస్తాం. ముఖ్య అతిథి అరకులో రిసార్టు కట్టిన రాజాబాబుగారు. ఈయన ముత్తాత జమీందారు, మా ముత్తాతల చేత వెట్టి చేయించుకున్నాడు. రాజాబాబుగారు ఆ ముత్తాతగారి వెండి పన్నీరుబుడ్డి పట్టుకొచ్చి, దాంతో ఏ దొరసాని మీద పన్నీరు చల్లారో పాస్టరుగారి ప్రసంగం కంటే పొడుగ్గా చెప్పి, ఫొటో కోసం దాన్ని గుమ్మడికాయల మధ్య నిలబెట్టి, భోజనానికి కూర్చున్నారు.

ఈలోగా వేలం మొదలైంది. సంఘపెద్ద దావీదన్న బుడ్డి పైకెత్తగానే మా మరియమ్మ పిన్ని "బీరపాదుకి మందు జల్లుకుంటాను" అని పాట పెట్టేసింది. రాజాబాబుగారు ఎంగిలి చేత్తోనే పరుగెత్తుకొచ్చారు.

"అది మాదయ్యా! చూపించడానికి తెచ్చాను!"

"బల్లెక్కితే దేవుడిదే బాబూ. కావాలంటే మీరూ పాడండి, బేగి," అన్నాడు దావీదన్న.

పిన్ని తగ్గలేదు. ఆయనా పాట పెంచుతూ పోయారు. చివరికి ఆయనకే దక్కింది.

మేం చేసింది తప్పనుకుంటే కింద కామెంట్లో తిట్టండి. నేను మాత్రం ఆ వంశంలో మా కొండ మీద డబ్బిచ్చి వస్తువు పట్టుకెళ్లిన మొదటి మనిషిని ఇవాళ కళ్లారా చూశాను.