లేని గడ్డకు సాక్ష్యం

ఆ శుక్రవారం మా ప్రార్థన మందిరంలో ఆడవాళ్ల ముందు సాక్ష్యం చెప్పడానికి లేచాను. దేవుడు నా రొమ్ములో గడ్డను ఎలా మాయం చేశాడో చెప్పాలి. చిక్కల్లా ఒకటే. నాకసలు ఏనాడూ గడ్డ లేదు.

ముత్తుకూరు దగ్గర రొయ్యల షెడ్డులో తలలు తీసే పని నాది. రోజంతా బల్ల మీదికి వంగి నిలబడాలి. నా రొమ్ముల బరువుకు మెడ పీకేసేది. లోపలి బట్ట పట్టీలు భుజాల్లోకి దిగి, వేలు పట్టేంత గుంతలు చేశాయి. ఎండాకాలం వస్తే రొమ్ముల కింద చర్మం ఒరుసుకుపోయి పుండ్లు. మెడనొప్పికని నెల్లూరు పెద్దాసుపత్రికి పోతే డాక్టరమ్మ నా భుజాలు చూసి, "ఇది మెడ జబ్బు కాదమ్మా, బరువు. ఆపరేషన్ చేసి తగ్గించొచ్చు" అంది. దీనికీ ఆపరేషన్ ఉంటుందా! ఇన్నేళ్లూ నా ఖర్మ అనుకుని మోశానే, ఒక్కరైనా చెప్పి చావలేదే అని ఒళ్లు మండిపోయింది.

పిల్లల్ని మా అమ్మ దగ్గర వదిలి చేయించుకున్నాను. ఇంటికొచ్చేటప్పుడు బస్సు గతుకుల్లో పడ్డప్పుడల్లా దిండును ఎదకు అదుముకుని పళ్లు బిగపట్టాను. కుట్లు మానాక ఒక మధ్యాహ్నం బోర్లా పడుకుని నిద్రపోయాను. చిన్నపిల్లగా ఉన్నప్పుడు పడుకున్నదే అలా. లేచి కాసేపు ఏడ్చాను, సంతోషానికే.

కానీ ఊళ్లో ఏమని చెప్పను? తగ్గించుకున్నానంటే "సోకు ముదిరింది దీనికి" అనరూ? అందుకే ఆసుపత్రికి పోకముందే "గడ్డ ఉందంట, తీస్తారంట" అనేశాను. నా నోరు పడిపోను! మందిరంలో అందరూ అది క్యాన్సరేనని తీర్మానించేశారు. ఉపవాస ప్రార్థనలు మొదలుపెట్టారు. సిగ్గుతో చచ్చిపోయాను గానీ నోరు మాత్రం విప్పలేదు.

ఆ రోజు కూడా తెలివిగానే మాట్లాడాననుకున్నాను. "కోసి చూస్తే లోపల క్యాన్సర్ లేదన్నారు" అన్నాను. అబద్ధం కాదు కదా! "స్తోత్రం!" అని మందిరం దద్దరిల్లింది.

అప్పుడు షెడ్డులో నా పక్క బల్ల మీద పనిచేసే అక్క లేచింది. "నాకూ ఉండాది రొమ్ములో గడ్డ, రాయి మాదిరి. ఎవురికీ చెప్పలా. ఈమెకు మాయం చేసిన దేవుడు నాకూ చేస్తాడు. నేను ఆసుపత్రికి పోను" అంది.

మళ్లీ "స్తోత్రం" అనబోతున్నారు అందరూ. "ఆగండి!" అని అరిచాను. "నాకు క్యాన్సర్ లేదు. గడ్డే లేదు. బరువు మొయ్యలేక రొమ్ములు తగ్గించుకున్నాను. మీ అందరికీ అబద్ధం చెప్పినాను."

ఎవరో "ఛీ" అన్నారు. పాస్టరమ్మ "కూర్చో తల్లీ" అంది. నేను కూర్చోలేదు.

అక్క బిత్తరపోయి చూసింది. "అయితే ప్రార్థనకు పోలేదా మే?"

"ఉంటే కదక్కా పోయేదానికి! రేపే నెల్లూరికి పోదాం. రానంటే నీ కాళ్లు పట్టుకుంటా."

మర్నాడు నా చెయ్యి పట్టుకునే వచ్చింది. అదే ఆసుపత్రి, వేరే గది. డాక్టర్ పరీక్ష చేసి, చంకలో కూడా తడిమి చూసి కోప్పడ్డాడు. "చంకలోకి కూడా పాకినట్టుందమ్మా. ఇంత ముదిరిందాకా ఏం చేస్తున్నావు? గడ్డ తగిలిన రోజే రావద్దా?"

అక్క మొహంలో నా మీద కోపం ఇసుమంత కూడా లేదు.

"అప్పుడే ఈమెకు క్యాన్సరన్నారు సార్. పిల్లలున్న మనిషి గదా, ముందు ఈమెకు బాగవనీలే, నాది తర్వాత చూసుకుందామని ఉపవాసాలుంటిని" అంది.