తెడ్డు చివర చెవి

బడిలో పంతులుగారు చెప్పిన ఒక్క ముక్కా నా చెవికెక్కలేదు. ఆరో తరగతిలో బడీ నేనూ ఒకరినొకరం వదిలించుకున్నాం. అదే చెవి తర్వాత సముద్రం మీద నాకు అన్నం పెట్టింది.

గొరక చేపలు గుంపు కడితే నీళ్ళ కింద గొరగొరమంటాయి, పెళ్ళి భోజనం చేసి పడుకున్న పెద్దమనుషుల్లాగా. తెడ్డు నీళ్ళలో నిలబెట్టి, పిడి చెవికి ఆనించి, ఆ చప్పుడు పట్టేవాడు పడవలో అందరికన్నా ముందు కూర్చుంటాడు. వాడు చెయ్యెత్తితేనే వల పడుతుంది. మా పడవలో ఆ చోటు నాది. సర్పంచి చెయ్యెత్తితే మా ఊళ్ళో కుక్క కూడా కదలదు.

తొంభైల చివర్లో, రాళ్ళకు పట్టిన వల విడిపించబోయి మరీ లోతుకి మునిగాను. రెండు చెవుల్లోనూ ఠప్‌మంది. వారం తిరిగేసరికి చీము, ఆపైన తెడ్డులో నిశ్శబ్దం. ముందు చోటు పోతుందన్న భయంతో ఒక్క మా బావకే చెప్పాను. బావంటే అక్క మొగుడు, పడవ వెనక చుక్కాని పట్టేవాడు.

నా చెవి దగ్గర నోరు పెట్టి అరిచాడు. "ఏడవకెహె! ఎనక కూకుని చుక్కానికి చెవానించి నేనింటాను. కాలితో పలక మీద తడతాను. నువ్వు చెయ్యెత్తు, పెద్ద ఇన్నట్టు మొకం పెట్టు."

"మొకం సంగతి నాకొదిలెయ్ బావా," అన్నాను.

ఆరు నెలలు అలా నడిచింది. పలక అదిరితే నా వెన్నులో తెలిసేది, చెయ్యి లేచేది.

ఒకనాడు పడవ యజమాని మాతో వచ్చాడు. ఎంతసేపు కూర్చున్నా పలక అదరలేదు. వెనక్కి తిరిగితే బావ లేచి నిలబడి, యజమాని వైపు వంగి గట్టిగా చెబుతున్నాడు. "గొరకల మీంచే పోతన్నామండి. ఆడికినపడదండి. ఆర్నెల్లయింది."

ఆ మాట మాత్రం నాకు శుభ్రంగా వినబడింది. మర్నాటి నుంచి ముందు చోట్లో బావ, వల దగ్గర నేను.

కాకినాడలో డాక్టరుగారు ఇనుప చువ్వలాంటిది మోగించి చెవి వెనక ఎముకకి ఆనించారు. గుడిగంటలా మోగింది! చెవి పొరకే చిల్లులట. లోపల నత్తగుల్లలా ఉండే అసలు చెవి బాగానే ఉందట, ఎముక దారినా చప్పుడు అక్కడికి చేరుతుందట. చేపలకి బయట చెవులే ఉండవని, తలలోని రాళ్ళ కదలికే వాటి వినికిడని కూడా చెప్పారు. గొరక తలలో తెల్లరాళ్ళు రెండు ఉంటాయి. చిన్నప్పుడు అక్కా నేనూ గచ్చకాయలాడింది వాటితోనే. ఎన్ని చెవులు ఎగరేశామో!

మర్నాడు పడవలో తెడ్డు నీళ్ళలో దించి పిడి పళ్ళతో కరిచాను. పుర్రె నిండా గొరగొర. సరిగ్గా మా కిందే. ముందు బావ ఇంకా తెడ్డు చెవికి ఆనించుకుని మొకం చిట్లిస్తున్నాడు.

నన్ను చూసి అరిచాడు. "ఏంట్రా, తెడ్డు తింటన్నావ్? ఏవన్నా ఇనపడతందేంటి?"

పిడి నోట్లోంచి తీశాను. చెయ్యి సగం లేచింది కూడా. దాంతో తల గోక్కున్నాను.

"నాకేం ఇనపడుద్ది బావా, చెవిటోణ్ణి," అన్నాను.

పడవ సాగిపోయింది. ఆ రోజు మా ఇంట్లోనూ, అక్క ఇంట్లోనూ చింతపండు చారే.