తడిమే చేతులు

దైవాధీనంగారు బందరులో ఎవరికీ దగ్గరగా నిలబడరు. చర్చిలో పండుగనాడు ఎవరైనా కౌగిలించుకోబోతే చేతులు రెండూ వెనక్కి కట్టేసుకుంటారు. ఆ చేతులంటే ఆయనకే భయం. అరబ్బుల గడ్డ మీద, ఏడెన్ రేవులో, తెల్లదొరల కొలువు చేసొచ్చిన మనిషి. దొరలు కూలీల ఒంటిమీద చెయ్యి వెయ్యరు, తుపాకులు పట్టుకుని దూరంగా నిలబడతారు. దొరలమీద అరబ్బులు తిరగబడుతున్న రోజులవి; కూలీల దగ్గర కత్తులూ బాంబులూ ఉన్నాయేమో తడిమి చూసేందుకు గేటు దగ్గర ఈయన్ని పెట్టారు. చంకల నుంచి నడుము దాకా, నడుము నుంచి మడమల దాకా చెమట పట్టిన ఒళ్ళన్నీ ఆ వేళ్ళకింద నుంచే లోపలికి వెళ్ళేవి. చివర్న ఒకటే మాట, "ఏమీ లేదు. వెళ్ళనివ్వండి." ఏదైనా దొరికితే మనిషిని గోడవైపు తోసేవారు. ఆ తర్వాత వాడేమయ్యాడో అడిగేవారు కాదు.

పంతొమ్మిదివందల అరవై అయిదులో కొలువు మానుకుని వచ్చినరోజు భార్య జ్ఞానమ్మను దగ్గరకు తీసుకుంటే, వేళ్ళు వాటంతటవే చంకల నుంచి నడుముకు జారాయి. ఆవిడ కదలకుండా నిలబడి, "నా దగ్గర ఏం దొరుకుతుందనండీ?" అంది. మళ్ళీ ఆయన ఆవిణ్ణి ముట్టుకోలేదు.

మొన్నటి ముసురులో జ్ఞానమ్మ జ్వరంతో పోయింది. పెట్టె మూసేముందు పాస్టరుగారు, "ఆఖరిసారి చూసుకోండన్నయ్యా" అన్నారు. దైవాధీనంగారు వంగారు. వెనక కట్టుకున్న చేతులు విడిపోయాయి. తెల్లచీర మీద చంకల నుంచి నడుము దాకా, నడుము నుంచి మడమల దాకా, ఏ మడతా వదలకుండా మెల్లగా తడిమాయి. పెట్టె మోసేవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆయన నిటారుగా లేచి, పక్కకు జరిగి దారి ఇచ్చారు.

"ఏమీ లేదు. వెళ్ళనివ్వండి."