ఖాళీ వదిలిన గడి

మా కాలువ ఆఫీసు ఓవర్‌సీయర్ గారు పోయారు. హచ్చొళ్ళి నుంచి వచ్చిన బస్సు కండక్టరు ఆ మాట చెప్పగానే నా చూపు గోడమీది పటంవైపు వెళ్ళింది.

మైనపు గుడ్డమీద గీసిన ఆ పటంలో మైలుకొక గడి. కాలువ గట్టు ఎంతవరకు పూర్తయితే అంతవరకు గడిలో నీలం సిరా నింపాలి. కాన్వెంటులో కుదిరిన చేతిరాత చూసి నన్ను పటాలు గీసే ట్రేసరుగా తీసుకున్నారు. సిరా నింపడం నా పని. ఓవర్‌సీయర్ గారు గట్టుమీద నడిచి వచ్చాకే నింపమనేవారు. సైకిలు ఉన్నా గట్టు ఎక్కించేవారు కాదు. "చక్రానికేం తెలుస్తాది పాపా? నేల మెత్తగుందో గట్టిగుందో కాలికే తెలుస్తాది."

ఒక ఉదయం పై అధికారి వస్తున్నారని కబురు వచ్చింది. పటం చూసి ఆయన నీళ్ళు వదలమంటారు. హచ్చొళ్ళి దగ్గరి గడి ఇంకా సగం ఖాళీ. ఓవర్‌సీయర్ గారు అక్కడి గట్టు చూడడానికే వెళ్ళారు. మా ఇంజనీరు నా బల్ల దగ్గరికి వచ్చారు.

"ఏంది చూస్తాండావు? సుమ్నే, ఊరికే అట్ల నింపెయ్యి. ఈ వారంలో అయిపోతాదిలే."

కాదనడం నాకు చేతకాలేదు. నింపాను.

అంతలో ఓవర్‌సీయర్ గారు వచ్చారు, మోకాళ్ళదాకా దుమ్ముతో. పటం చూశారు, నన్ను చూశారు. పెన్సిళ్ళు చెక్కే బ్లేడు నా చేతిలో పెట్టారు.

"గీకు పాపా."

"జీపు వస్తాండాదప్పా! ఇప్పుడు గీకేదేంది?" అన్నారు ఇంజనీరు.

"గట్టు కింద కూలోళ్ళ గుడిసెలుండాయి సార్. రేపు గట్టు తెగితే నీళ్ళకి ఈ పటం అడ్డం పెడదామా?"

ఆయన గుడ్డ బిగించి పట్టుకున్నారు. నేను గీకాను. చివరి నీలం చుక్క పోయేసరికి బయట జీపు ఆగింది.

పై అధికారి ఆ గడిమీద వేలు పెట్టారు. "ఇక్కడ గరుకుగా ఉందే. ఎవరు గీకారు?"

"తప్పు నాది సార్. ఆడ గట్టు ఇంకా కుదరలే," అన్నారు ఓవర్‌సీయర్ గారు.

నీళ్ళు వదలడం వాయిదా పడింది. మా ఇంజనీరు చాలాకాలం ఆయనతో సరిగా మాట్లాడలేదు. ఓవర్‌సీయర్ గారు ఆ సంగతి నా దగ్గర ఎన్నడూ ఎత్తలేదు. నేనూ ఆయన ఉండగా ఆయనకు ఒక్క మంచి మాట చెప్పలేకపోయాను. అందుకే ఈ నాలుగు ముక్కలు.

గట్టు పూర్తయి నీళ్ళు వదిలిన రోజు నన్నూ తీసుకెళ్ళారు. ఎండుటాకుల్ని తోసుకుంటూ నీళ్ళు మెల్లగా వస్తున్నాయి. చెప్పులు చేతబట్టుకుని ఆయన నీళ్ళ పక్కనే, నీళ్ళంత మెల్లగా నడిచారు. హచ్చొళ్ళి మైలు దగ్గర గట్టు దిగి, తడి ఊరుతోందేమోనని బయటివైపు మట్టికి చెయ్యి ఆనించి చాలాసేపు ఉన్నారు. తర్వాత అరచెయ్యి నావైపు తిప్పి చూపించారు. పొడి మన్ను. ఆయన వెనక గుడిసెల్లో పొయ్యిలు పొగ విడుస్తున్నాయి.