ఇసుకలో పచ్చిక ముక్క

మొన్న ఒక దుకాణంలో ప్లాస్టిక్ పచ్చిక చుట్ట విప్పగానే వేడి రబ్బరు వాసన వచ్చింది. వెంటనే చిన్నప్పుడు మేమున్న సౌదీలోని జుబైల్ గుర్తొచ్చింది. మా బాపు అక్కడ ప్లాంటులో ఆపరేటర్. మా కాంపౌండ్ వెనక గోల్ఫ్ మైదానమంతా ఇసుకే. బంతి ఎక్కడ పడితే అక్కడ జానెడు పచ్చిక ముక్క పరిచి, దాని మీది నుంచి కొట్టాలి.

ఒక శుక్రవారం అక్కడ పోటీ. పదహారేళ్ల సూడాన్ అమ్మాయి అమల్ కొడితే బంతి ఆకాశంలో కలిసిపోయేది. ఎనిమిదేళ్ల నేను నోరు తెరుచుకుని చూస్తున్నాను. ఆమెలాగే నల్లగా ఉన్న ఒక పెద్దావిడ పచ్చిక ముక్క చంకన పెట్టుకుని బంతి వెంట పరుగెత్తేది.

"అమల్‌కు పనామె గూడ ఉన్నదా బాపూ?" అన్నాను.

బాపు నా నెత్తి మీద చిన్నగా మొట్టాడు. "పనామె కాదు బిడ్డా, ఆట నేర్పే మేడం. అమెరికాల గిట్లనే ఆడి, స్కాలర్‌షిప్ మీద సదువుకున్నదట. ఇయ్యాల గెలిస్తే అమల్‌కు గూడ కాలేజీ సదువు దొరుకుతది."

అమల్ గెలిచింది. నాకు మాత్రం ఇప్పటికీ ఆ మేడం పరుగే కళ్లకు కడుతుంది. బంతి ఎంత దూరం పోయినా, అమల్ చేరేసరికి అక్కడ పచ్చిక పరిచి ఉండేది.