జోజప్ప మెడకు తపసి బంక

ఒక పునీతుడి తలకాయ నా చూపుడువేలికి అంటుకుని ఉండగా నేను బిషప్పుగారికి దండం పెట్టాను. అదీ క్రిస్మస్ నాడు, గుడి నిండా జనం చూస్తుండగా. తల తెగింది పునీతుడికి, పరువు పోయింది నాకు. ఆ ఘోరం ఎలా జరిగిందో మొదట్నుంచీ చెబుతాను. నవ్వకండి అని బతిమాలను. ఎలాగూ మీరు ఆగరు.

తొంభైల చివరి రోజులు. ముంచింగిపుట్టు దాటి కొండల్లోకి ఇంకా లోపలికి వెళ్తే ఒక మిషను బడి, దాని పక్కనే గుడి. ఆ బడిలో నేను డ్రాయింగు మాస్టర్ని. టెంపరరీ మాస్టర్ని. విజయనగరం వెళ్లినప్పుడల్లా మా అమ్మది ఒకటే పాట. "టెంపరరీ వోడికి పిల్లనెవుడిత్తాడ్రా? ఇచ్చినా టెంపరరీగానే ఇత్తాడు." అమ్మ మాటల్లో ఎప్పుడూ ఇంత నిజం ఉండకూడదు.

డిసెంబరు మొదట్లో ఫాదర్‌గారు నన్ను పిలిచారు. "మాస్టారూ, ఈసారి క్రిస్మస్ పూజకి బిషప్పుగారు మన కొండమీదికే వస్తున్నారు. బాలయేసు పుట్టిన పశువుల పాక మీరే కట్టాలి. పాక బాగా కుదిరితే మీ పర్మనెంటు సంగతి అక్కడికక్కడే అడిగేస్తాను."

సరేనండీ అని వచ్చేస్తే సరిపోయేది. నాకు నోరు ఉంది కదా! "పాకేమిటి ఫాదర్‌గారూ, బెత్లెహేము ఊరినే దింపేస్తాను" అన్నాను.

బొమ్మలు అటకమీద చెక్కపెట్టెలో ఉన్నాయి. మరియమ్మ, ఆవిడ భర్త జోజప్ప, జ్ఞానులు, ఒంటె, అన్నీ మూరెడేసి ఎత్తు. ఎప్పుడో ఓడల కాలంలో తెల్లదొర గురువులు తెచ్చిన ప్లాస్టర్ బొమ్మలు. గాడిద ఒక్కటే కొత్తది, విశాఖలో కొన్న రెజిన్ బొమ్మ, పింగాణీలా నున్నగా ఉంటుంది. నేనెక్కిన నిచ్చెన కింద నిలబడి ఉపదేశి యోహానుగారు, అంటే గుడిలో ప్రార్థనలు చెప్పించే పెద్దాయన, అరుస్తూనే ఉన్నాడు.

"మాస్టారూ, కిందనుండి పట్టుకోండి! పెట్టి అడుగు సెద తినీసింది!"

"నాకు తెలుసండీ, మీరు తప్పుకోండి" అని పిడి పట్టుకుని ఎత్తాను. పిడి నాతో వచ్చింది. మూతా వచ్చింది. అడుగు మాత్రం అటక అంచు దాటగానే ఊడిపోయి, మధ్యలో ఉన్న పరిశుద్ధ కుటుంబం మొత్తం నేలమీదికి దిగింది.

దుమ్ము తగ్గాక యోహానుగారు వంగి చూశాడు.

"ఏటి మాస్టారూ ఇలగ సేసేసినారు! జోజప్పకి తలకాయి నేదు!"

"ఉందండీ, అదిగో బల్ల కింద ఉంది."

"బల్ల కింద ఉంటే ఏటి లాభం, మెడ మీదుండాల గానీ! ఒంటె కాలూడిపోనాది. గాడిదికి సెవులు నేవు. ఫాదర్‌గారికి సెప్పీనా?"

"చెప్పకండి బాబూ! నా ఉద్యోగం పోతుంది. అతికించేస్తాను. నాకు జిగుర్లన్నీ తెలుసు."

నాకు తెలిసిన జిగుర్లు రెండు. ఒకటి బడిలో ఛార్టులకి వాడే తెల్ల జిగురు. రెండోది చుక్క వేస్తే చిటికెలో పట్టేసే చిన్న ట్యూబు. ఇప్పుడు నా తెలివి గమనించండి. ప్లాస్టర్ సుద్దముక్క లాంటిది, తడి పీల్చుకుంటుంది, దానికి తెల్ల జిగురు చక్కగా సరిపోతుంది. రెజిన్ ఏమీ పీల్చదు, దానికి ట్యూబు జిగురు పడుతుంది. నేనేం చేశాను? పునీతుడికి ఖరీదైన జిగురు, గాడిదకి చవక జిగురు వాడడం మర్యాద అనుకున్నాను. మర్యాద ప్రకారం జిగురు ఎంచుకున్నవాడు ప్రపంచంలో నేనొక్కణ్ణే.

జోజప్ప మెడ ట్యూబు మొత్తం తాగేసి ఇంకా దాహం అన్నట్టు చూసింది. తల నిలవలేదు. మెడ మీద సుద్దపొడి, నా వేళ్లు మాత్రం ఒకదానికొకటి అంటుకుపోయాయి. అక్కడ గాడిద చెవులు తెల్ల జిగురులో జారుకుంటూ జారుకుంటూ బుగ్గల మీదికి వచ్చాయి.

"కుందేలు లాగున్నాదండి" అన్నాడు యోహానుగారు.

"గాడిద సంగతి వదిలెయ్యండి, ముందు నా వేళ్ల సంగతి చూడండి!"

గోళ్లరంగు తుడిచే మందు ఉంటే వేళ్లు విడిపోతాయని ఎక్కడో విన్నాను. ఆ మందు కోసం సిస్టర్ల కాన్వెంటు తలుపు తట్టాను. గోళ్లరంగు మందు, కాన్వెంటులో! తలుపు తీసిన సిస్టరుగారు నన్ను చూసిన చూపు ఇప్పటికీ మరవలేను. చివరికి ఉప్పు కలిపిన వేడినీళ్లలో నానబెట్టి, కాస్త తోలు దానం చేసి బయటపడ్డాను. బంక పూయనేల, వేలు పీకనేల అన్నారు పెద్దలు. అనకపోతే ఇప్పుడైనా అనాలి.

సంతరోజు తిరుగుతూ ఉంటే, ఒక దుకాణం ముందు గోనెపట్టా మీద కుప్పలుగా తపసి బంక కనిపించింది. తపసి చెట్టుకి గాటు పెడితే కారి గడ్డకట్టే జిగురు అది. కొండవాళ్లు ఏరి తెచ్చి అమ్ముతారు. కళ్లముందు ఇంత జిగురు పెట్టుకుని ఊరంతా వెతుకుతున్నానా అని నన్ను నేనే మెచ్చుకున్నాను. తిట్టుకోవలసిన చోట మెచ్చుకోవడం నాకు చిన్నప్పటి అలవాటు.

ఇంటికి తెచ్చి, నలగ్గొట్టి, గుప్పెడు పొడి గిన్నెలో వేసి నీళ్లు పోశాను. కాసేపట్లో గుప్పెడు కాస్తా గిన్నెడయింది. ఇంకాసేపట్లో గిన్నె దాటి చూడబోయింది. బుద్ధున్నవాడికి అక్కడే అనుమానం రావాలి. నేనైతే "ఎంత కలిసొచ్చింది!" అని మురిసిపోయాను.

నిజం చెప్పాలి, బంక అద్భుతంగా పట్టింది. జోజప్ప మెడకి దండిగా పెట్టాను. ఒంటె కాలికి పెట్టాను. గాడిద చెవులకీ పెట్టాను. వంటింట్లో పొయ్యి పక్కన ఆరబెడితే రాయిలా బిగిశాయి. కొంచెం పులిసిన వాసన వచ్చింది. సాంబ్రాణి పొగలో ఎవరికి తెలుస్తుంది?

"గట్టిగానే ఉన్నాదండోయ్" అని యోహానుగారు జోజప్ప తల పట్టుకుని మొత్తం బొమ్మని పైకెత్తి చూశాడు. "మీకు తిరుగు నేదు మాస్టారూ!" నాకూ అలాగే అనిపించింది.

ఇక్కడ మా కొండల అలవాటు ఒకటి చెప్పాలి. మాకు పాక అంటే ఎండుగడ్డీ రంగుకాగితాలూ కాదు. ముందుగానే తడిమట్టి పరిచి, రాగులే మాకు చోళ్ళు, అవీ ఆవాలూ చల్లుతారు. పండగనాటికి పాక చుట్టూ పచ్చగా మొలక వచ్చేస్తుంది. బాలయేసు మా దగ్గర ఎడారిలో పుట్టడు, చోడి మడిలో పుడతాడు. ఆ మొలకకి పొద్దూ మాపూ నీళ్లు చల్లే పని యోహానుగారిది. ఆ పనిలో ఆయనకి పక్షపాతం లేదు. మొలక మీదా చల్లుతాడు, మరియమ్మ మీదా చల్లుతాడు, ఒంటె మీదా చల్లుతాడు.

పండగ ముందురోజు సాయంత్రం పాక వెనక గోనెపట్టాతో కొండ కట్టి, బొమ్మలు పెట్టాను. ఆయన నీళ్లు చల్లాడు. తెల్లారి పొగమంచులో వచ్చి మళ్లీ చల్లాడు. బిషప్పుగారు వస్తున్నారు కదా అని ఇంకో చెంబు ఎక్కువ చల్లాడు.

పూజ మొదలయ్యే వేళకి గుడి కిక్కిరిసింది. చుట్టుపక్కల కొండల మీది ఊళ్లన్నీ నడిచి వచ్చేశాయి. నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని పాక పక్కన నిలబడ్డాను, పర్మనెంటు ముఖం పెట్టుకుని. అంతలో ముందు వరసలో ఒక ముసలామె మనవరాలితో అంటోంది.

"సూడే గుంటా, జోజప్ప పొడుగైపోనాడు!"

తిరిగి చూశాను. జోజప్ప తలకీ భుజాలకీ మధ్య జానెడు మెడ! నిగనిగలాడే తేనెరంగు మెడ, జున్నులా వణుకుతోంది. గాడిద తన చెవులు చెరో దిక్కుకీ చాచుకుని ఎగరబోయే కొంగలా ఉంది. ఒంటెకి మూడు కాళ్లు ఒక ఎత్తు, నాలుగోది ఇంకో ఎత్తు.

"యోహానుగారూ, నీళ్లు చల్లారా?"

"సల్లినానండి! బాగా సల్లినాను!"

"నా కొంప ముంచారు!"

"మొలక ఎండిపోదేటండి మరి?"

గుడి వాకిట్లో పాట ఎత్తుకున్నారు. బిషప్పుగారు బాలయేసు బొమ్మని చేతుల్లో పెట్టుకుని, తొట్టిలో పడుకోబెట్టడానికి పాక వైపే వస్తున్నారు. జోజప్ప తల మెల్లగా ముందుకి ఒరుగుతోంది. సరిగ్గా తొట్టి మీద పడేలా ఉంది. నేను ఇంకేమీ ఆలోచించలేదు. గోనెపట్టాతో కట్టిన కొండ వెనక దూరి, పట్టాకి కన్నం చేసి, చెయ్యి చాచి, జోజప్ప తలని వెనకనుంచి వేలితో పట్టుకున్నాను. వేలు బంకలోకి దిగిపోయింది.

బిషప్పుగారు పాకముందు వంగి నమస్కరించారు. భయంతో నా చెయ్యి వణికింది. జోజప్ప కూడా వంగి నమస్కరించాడు.

గుడిలో కలకలం. "జోజప్ప దండమెట్టినాడు! బిసప్పుగారికి దండమెట్టినాడు!" ముసలామె మోకాళ్ల మీద పడిపోయింది. బిషప్పుగారు ఉలిక్కిపడి మళ్లీ వంగి చూశారు. నేను చెయ్యి ఆపుదామని బిగబట్టాను, అది ఇంకా వణికింది. జోజప్ప ఈసారి కాదు కాదని అడ్డంగా తల ఊపాడు. తర్వాత మెడ సాగింది, సాగి సాగి తెగింది. తల నా వేలికి వచ్చేసింది. దాంతోపాటు కొండ కూడా నా మీదికి కూలింది.

గోనెపట్టా తలమీద, మొలకలు భుజాలమీద, పునీతుడు వేలిమీద, నేను లేచి నిలబడ్డాను. దండం పెట్టకపోతే బాగుండదని రెండు చేతులూ జోడించాను. జోజప్ప మధ్యలో ఇరుక్కున్నాడు.

"స్తోత్రం అయ్యగారూ" అన్నాను.

"ఎవరు బాబూ నువ్వు?"

"డ్రాయింగు మాస్టర్నండీ. టెంపరరీ."

ఫాదర్‌గారు కళ్లు మూసుకున్నారు. బహుశా ప్రార్థన చేసుకుంటున్నారు, నా కోసమో, నా చావు కోసమో. నా ఉద్యోగం అయిపోయిందనుకున్నాను. మా అమ్మ ముఖం కళ్లముందు కదిలి, నిజంగానే ఏడుపొచ్చింది.

బిషప్పుగారు నన్ను చూశారు, తల లేని జోజప్పని చూశారు, ఒంటెని చూశారు. ఆ పెద్దమనిషి పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టారు. ఆయన నవ్వాక ఇంకెవరాగుతారు? గుడంతా ఒకటే నవ్వు, మోకాళ్ల మీదున్న ముసలామెతో సహా.

"ఫాదర్, ఈ పాకలో చివరిదాకా అతుక్కుని నిలబడ్డది ఈ మాస్టారొక్కడే" అన్నారు బిషప్పుగారు కళ్లు తుడుచుకుంటూ. "ఇతన్ని పర్మనెంటు చేసెయ్యండి."

నేను కాళ్లమీద పడబోయాను. ఆయన నన్ను ఆపారు, నా వేలి వంక చూసి ఒక అడుగు వెనక్కి కూడా వేశారు. "కానీ డ్రాయింగుకి వద్దు. చేతికి ఏదీ ఇవ్వక్కర్లేని పని ఏదైనా చూడండి."

అలా నేను డ్రిల్లు మాస్టర్నయ్యాను. ఈల కూడా మెడలో దారానికి కట్టే ఇచ్చారు.

కనుక పాఠకులారా, మీ అందరి ఎదుటా గంభీరంగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట నా కళ్లముందు ఏ పునీతుడి తల ఊడినా, ఏ జ్ఞాని చెయ్యి విరిగినా, వాళ్లు అలాగే పరలోకానికి పోవాలి గానీ, వాళ్లని ఈ చేతులతో అతికించను. మా ఇంట్లో శుభలేఖల కవర్లు కూడా మా ఆవిడే అంటిస్తుంది. నేను పక్కగదిలో చేతులు కట్టుకుని కూర్చుంటాను.