వందన టీచరు, చచ్చి లేచినోళ్ళ పుస్తకాలు

...అట్టా అనుకోబాకండి మీరు. పుస్తకాలు చదివే టీచరంటే మెత్తగా ఉంటది, చీమక్కూడా దారిస్తది అనుకుంటారు. మా వందన టీచరు ఆ రకం కాదు. ఆమె చదివే పుస్తకంలో పేజీకి రెండు తలకాయలు తెగాల్సిందే, పేగులు బయటికి రావాల్సిందే. రక్తం లేని పుస్తకం ఎవరన్నా ఇస్తే, "ఇదేందక్కా, ఉప్పెయ్యని పప్పు మాదిరి" అని పక్కన పెట్టేసేది.

నేను శావల్యాపురం అవతల మా ఊరి బళ్ళో మధ్యాహ్నం వంట చేస్తా. పేరు కృపామణి. టీచరు పోయి ఆర్నెల్లయింది. ఊళ్ళో తలా ఒక కథ చెప్తున్నారు గదా, నేను కళ్ళతో చూసింది చెప్తా.

ఆమె రోజూ నరసరావుపేట నుంచి బస్సులో వచ్చేది. లావుపాటి మనిషి, పెద్ద నవ్వు. చంకలో సంచీ, సంచీలో అన్నం గిన్నె, గిన్నె కింద పుస్తకం. బస్సులో చదివిద్ది, అన్నం తింటా చదివిద్ది. ఒకసారి నేను సాంబారు పొయ్యబోయి ఆ పుస్తకంలోకి చూశా. అంతా బొమ్మలే. మాటలేమో మనుషుల నోటి పక్కన బుడగల్లో రాసున్నయ్యి. కళ్ళు తెల్లగా తేలేసిన ఒకడు ఇంకొకడి చెయ్యి పీకి, మొక్కజొన్న కంకి మాదిరి కొరుక్కుంటన్నాడు.

"ఓయమ్మో! ఆదివారం ఏసు గుళ్ళో పాటలు పాడే మనిషివి, ఇదేం చదువు టీచరమ్మా?" అన్నా.

"జాంబీలక్కా. చచ్చి, కుళ్ళి, మళ్ళా లేచినోళ్ళు. వీళ్ళు కరిస్తే కరిపించుకున్నోడూ జాంబీ అయిపోతాడు."

"అన్నం ఎట్టా దిగుద్దమ్మా నీకు?"

"బానే దిగుద్ది. కాస్త సాంబారు పొయ్యి."

ఆమె చిన్నప్పుడు వాళ్ళ నాన్న ఆసుపత్రిలో వార్డుబాయ్. బడి వదలంగానే ఆయన కాడికి పోయి, అవుట్ పేషెంట్ బల్ల మీద కూర్చోని పుస్తకం చదువుకునేదంట. ఆ రోజుల్లో ఎలక్షన్లు వచ్చినా, జాతర్లు వచ్చినా, పొలం గట్టు కాడ మాటామాటా అనుకున్నా, పల్లెల్నుంచి ట్రాక్టర్లలో మనుషుల్ని ఏసుకొచ్చేవాళ్ళు. గొడ్డలి దిగిన బుర్రలు, నెత్తురాగడానికి గడ్డి చుట్టిన కాళ్ళు. ట్రక్కులో రక్తం కారి కింద మడుగు కట్టేదంట. ఆమె పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకోని, దాని అంచు మీదుగా చూసేది.

"మరి అంత చూసినదానివి, మళ్ళా ఈ బొమ్మలెందుకమ్మా?" అనడిగా.

"జాంబీకి పగ ఉండదక్కా. ఆకలొక్కటే. నీ కులమేంది, నీ బజారేంది, మీ తాత మా తాతని ఏం జేశాడని అడగదు. కనపడితే కొరుకుద్ది, అంతే. మనుషులకన్నా అదే నయం గదా."

నేను నవ్వా. మా ఊరి సంగతి తెలిసినోళ్ళెవరన్నా నవ్వుతారు.

మా ఊళ్ళో రెండు బజార్లు. పెద్ద బజారుకి బ్రహ్మయ్య పెద్ద, చావిడి బజారుకి గోపాలకృష్ణయ్య. వాళ్ళ తండ్రుల నాటి నుంచీ కొట్టుకోవడమే. ఎవరు గెలిస్తే రెండోవాళ్ళు ఊరొదిలి పోవాల. పోయినోళ్ళ గేదెల్ని తోలుకుపోతారు, వాములు తగలబెడతారు. మళ్ళీ రాజ్యం మారితే వాళ్ళొచ్చి వీళ్ళని తరుముతారు. ఊళ్ళో ఒంటిచేతి మగాళ్ళు నలుగురున్నారు. ఎవరినన్నా అడిగి చూడండి, "పేట పత్తి జిన్నింగ్ మిల్లులో పోయింది" అంటారు. చిలకలూరిపేట మిల్లు గేటు కూడా చూడనోళ్ళు వాళ్ళు. బాంబులు చుడతంటే పోయిన చేతులు అవి. అయినా ఊరు ఊరంతా మిల్లే అంటది. చావిడి బజారోళ్ళ చెయ్యిని పెద్ద బజారోళ్ళు కూడా మిల్లే అంటారు. ఒక్క ఆ విషయంలోనే మా ఊళ్ళో మర్యాద.

బయటి మనిషి గదా, టీచరు అది నిజమే అనుకుంది. "ఏం మిల్లులమ్మా ఇయ్యి, ఒక్కరన్నా కేసు పెట్టరేంది!" అని మండిపడేది. మేం మాట మార్చేవాళ్ళం.

బ్రహ్మయ్యకి కుడిచెయ్యి మణికట్టు కాడికి లేదు. ఆయన మనవరాలు నిరోష అయిదో తరగతి. తల్లి లేదు. తండ్రి సాయి కిరణ్ ఎప్పుడూ కోర్టుల చుట్టూ. ఆ పిల్లకి అక్షరం పట్టుబళ్ళా. వాచకం తెరిస్తే గుడ్లనిండా నీళ్ళే. టీచరు ఏం జేసిందంటే, తన జాంబీ పుస్తకాల్లో ఇంగ్లీషు బుడగల మీద తెల్లకాగితం ముక్కలంటించి, తెలుగులో మన మాటలు రాసింది. "ఒరేయ్, ఎనక్కి చూడరా!" "అమ్మో, మా బాబాయే చచ్చి లేచాడు!" "ఏమే, తలుపుకి గొళ్ళెం పెట్టావా?" ఆ పిల్ల మొట్టమొదట గడగడా చదివిన మాట "ఎనక్కి చూడరా". బడంతా వినపడేట్టు చదివింది. టీచరు ఆ పిల్లనెత్తుకోని వంటగదిలోకొచ్చింది. "విన్నావా అక్కా? ఇంకోసారి చదవవే!" అని, తనే ఏడ్చింది.

అక్కణ్ణుంచి నిరోష పుస్తకం వదిలితే ఒట్టు. తాతకి కూడా చదివి వినిపించేదంట. బ్రహ్మయ్య బీడీ ఆర్పి మరీ వినేవాడంట.

శివరాత్రికి ముందు టీచరు, బడిగోడ మీద పిల్లలనే సొంతంగా ఒక జాంబీ కథ గియ్యమంది. రంగులు ఆమే కొనింది. హీరో ఎవరు అంటే నిరోష, "మా తాత" అంది.

"తాతకి చెయ్యి ఎట్టా పోయిందే?"

"మిల్లులో."

"సరే, అదే గియ్యి. మిల్లులోంచే జాంబీలొస్తయ్యి. తాత ఒంటిచేత్తో నరుకుతాడు."

మూడోనాడు గరిటె చేత్తోనే వచ్చి గోడ చూశా. పెద్ద మిల్లు, పళ్ళున్న యంత్రం, దాంట్లోంచి వరసగా చచ్చినోళ్ళు. ఎదురుగా పంచె ఎగ్గట్టిన బ్రహ్మయ్య. మొండిచెయ్యి ఎత్తి పట్టుకోనున్నాడు, రెండో చేతిలో కొడవలి. నోటి పక్కన బుడగ: "నా చెయ్యి తిన్న మిల్లు ఇదేరా!"

"టీచరమ్మా, చెరిపెయ్యి. ఇప్పుడే చెరిపెయ్యి" అన్నా. చెయ్యి బాంబు చుడతంటే పోయిందని నిజం చెప్పా. ఆమె గోడ వంక తిరిగింది. "ఆ పిల్ల... అయ్యో, నేనేం గీయించానక్కా!" అని సున్నం బకెట్టు తెచ్చింది. సగం గోడ కూడా పూయలా, అప్పటికే ఫోటో ఊళ్ళో ఫోన్లన్నిట్లో తిరగతంది.

టీకొట్టు కాడ గోపాలకృష్ణయ్య కొడుకు హర్ష, సాయి కిరణ్ వినేట్టు, "ఏం బావా, మీ నాయన మిల్లులో ఓవర్‌టైమ్ ఉందంట, మమ్మల్నీ చేర్చుకుంటారా?" అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. అప్పటిదాకా మా ఊళ్ళో యాభయ్యేళ్ళల్లో ఎవ్వరూ ఆ మర్యాద తప్పలా. సాయి కిరణ్ సోడా బుడ్డి తీసుకోని హర్ష చెవి మీద పగలగొట్టాడు. చెవి సగం ఊడి మెడ మీద వేలాడింది. హర్ష ఎంట ఉన్నోడు టీ కాగే గిన్నె ఎత్తి సాయి కిరణ్ మీద కుమ్మరించాడు. వీపంతా తోలు లేచిపోయింది. అర్ధగంటలో రెండు బజార్లూ రోడ్డెక్కినయ్యి. పెద్ద బజారోళ్ళు ఆ గోడ పడగొట్టడానికి, చావిడి బజారోళ్ళు పడగొట్టనీకుండా కాయడానికి.

మేం పిల్లలకి అన్నం వడ్డిస్తన్నాం. ముందు రాళ్ళొచ్చినయ్యి. విస్తట్లో అన్నం మీద పెంకులు పడినయ్యి. టీచరు "లోపలికి! లోపలికి!" అని పిల్లల్నందర్నీ అయిదో తరగతి గదిలోకి తోసింది. రెండు బజార్ల పిల్లలూ ఒకళ్ళ మీద ఒకళ్ళు పడ్డారు. ఆ తలుపుకి గొళ్ళెం లేదు, ఊడి రెండేళ్ళయ్యింది. లోపల బల్లలడ్డం పెట్టమని పిల్లలకి చెప్పి, ఆమె బయట వరండాలోనే ఉండిపోయింది. రెండు చేతుల్తో రింగు పట్టుకోని, మొహం తలుపుకానించి.

"నువ్వూ లోపలికి పోవే తల్లీ!" అని అరిచా వంటగదిలోంచి.

"బయట నుంచి లాగి పట్టుకోకపోతే ఇది తెరుచుకుంటదక్కా!"

గునపంతో ఒకడు గోడ పొడుస్తన్నాడు. వాణ్ణి ఎనక నుంచి బరిసెతో ఇంకొకడు పొడిచాడు. తొడలోకి దిగింది, పంది అరిచినట్టు అరిచాడు. కొడవలి పట్టుకోని ఒకడు వరండా ఎక్కబోతే మరిగే సాంబారు గిన్నె ఎత్తి వాడి మీద పోశా. ఎవడో ఇప్పటికీ నాకు తెలీదు. ఏ బజారోడైనా పోసేదాన్నే.

అప్పుడు పడింది బాంబు. తాడు చుట్టిన ఉండ, కొబ్బరికాయంత. గోడకి కొట్టబోయారు. అది గోడకి తగిలి వరండాలోకి దొర్లింది. చెవులు మూసుకుపోయినయ్యి. పొగ తగ్గాక చూస్తే టీచరు ఇంకా తలుపు పట్టుకోనే ఉంది. కుడిచేతికి రెండు వేళ్ళు లేవు. పక్కటెముకల కాడ చీరంతా గాజుపెంకులు, మేకులు. రింగు వదల్లా. నేనెళ్ళి వేళ్ళు ఒక్కొక్కటే విడదీశా.

లోపల ఒక్క పిల్లకి కూడా గీత పళ్ళా.

ఆసుపత్రిలో ఉండంగా రెండో రోజు బ్రహ్మయ్య వచ్చాడు, ఒక్కడే. నేను మంచం పక్కనే ఉన్నా.

"ఏమ్మా టీచరూ, నా చెయ్యి గోడెక్కించావు."

"నేను మిల్లే అనుకున్నా పెద్దయ్యా. ఎవర్నడిగినా మిల్లే అన్నారు."

ఆయన స్టూలు దగ్గరికి లాక్కోని కూర్చున్నాడు. "పోలీసులొస్తారు. గ్యాస్ బండ పేలిందని చెప్పు. అట్టా చెప్తే పిల్లని మళ్ళా బడికి పంపిస్తా. ఇంటర్ దాకా చదివిస్తా, కోటయ్యసామి మీద ఒట్టు."

టీచరు కళ్ళు మూసుకుంది. ఆ పిల్ల చదువంటే ఆమెకి ప్రాణమని నాకు తెలుసు.

"బండ పేలిందంటే కృపామణక్కని లోపలేస్తారు. బాంబే పడిందని చెప్తా. ఎవరేశారో నేను చూళ్ళా, నా మొహం తలుపు వైపుంది. చూడంది చెప్పను. చూసింది దాచను."

"ఏమే కృపామణీ, మీ టీచరుకి బతకడం తెల్దే" అన్నాడు నా వంక తిరిగి.

"నీకు తెలిసింది చాల్లే పెదనాయనా" అన్నా. ఎట్టా అన్నానో, అనేశా.

ఆయన కోప్పళ్ళా. "పిల్లని మాచర్ల పంపించా, వాళ్ళ మేనమామ ఇంటికి. మిరపకోతలకి పోతంది. నువ్వే పోయి తెచ్చుకో. నువ్వొస్తేనే పంపమని చెప్తా, ఇంకెవరొచ్చినా పంపరు. గోడెక్కించినదానివి నువ్వే గదా."

"పోతా. ముందు ఆ పిల్లకి చెయ్యి సంగతి మీరు చెప్పండి. ఇప్పుడే."

 ముసలాయన ఫోన్ తీసి, ఎడం చేత్తో తడుముకుంటా నొక్కాడు. స్పీకరు ఎట్టా ఆపాలో ఆయనకి తెలీదు.

"ఒసే నిరోషా. నా చెయ్యి మిల్లులో పోలేదే. బాంబు చుడతంటే పోయింది."

"తెలుసు తాతా. బళ్ళో అందరికీ తెలుసు. టీచరుకొక్కదానికే తెలీదు."

"మరి మిల్లెందుకు గీశావే?"

"బాంబు గీస్తే నువ్వు బాధపడతావని."

ఆయన ఫోన్ మంచం మీద పెట్టి బయటికి పోయాడు. ఫోన్లో పిల్ల ఇంకా మాట్లాడతానే ఉంది. "తాతా, టీచరుంటే ఇయ్యి. తాతా?" టీచరు ఎడం చేత్తో ఫోన్ తీసుకుంది. "వస్తన్నానే. ఎల్లుండి వస్తా" అంది.

డాక్టరు వద్దన్నాడు. పక్కలో ఇంకా పెంకులున్నయ్యి, గుంటూరు పోయి ఆపరేషన్ చేయించుకోవాల, కదలొద్దన్నాడు. "వచ్చాక చేయించుకుంటా. కోతలు అయిపోయాక ఆ మేనమామ పిల్లని ఇంకో ఊరు పంపితే నేను యాడ ఎతుక్కోను?" అని సంతకం పెట్టి లేచింది. నేను ఎంట పోయా. నా మాట విన్లా.

మాచర్ల బస్సులో కిటికీ పక్కన కూర్చుంది. పిడుగురాళ్ళ దాటేదాకా కబుర్లు చెప్పింది. ఆరో తరగతిలో నిరోషకి ఏం పుస్తకాలివ్వాలో చెప్పింది. తర్వాత వొళ్ళు కాలిపోవడం మొదలైంది. పక్కలో కట్టు తడిసి చీరలోకి దిగింది. నా భుజం మీద తలానించి, "గొళ్ళెం పెట్టారా అక్కా?" అంది ఒకసారి. పెట్టారమ్మా అన్నా.

గురజాల బస్టాండులో దించాం. డ్రైవరు, ఇద్దరు కుర్రాళ్ళు కలిసి బెంచీ మీద పడుకోబెట్టారు. 108కి ఫోన్ చేశారు. అది వచ్చేసరికే ఆమె పోయింది.

కండక్టరు తలుపు కాడ నిలబడ్డాడు. లోపల జనం గొణుగుతున్నారు. "అమ్మా, మీయి మాచర్ల టిక్కెట్లు గదా. ఏం జేయమంటారు, పొమ్మంటారా?" అన్నాడు మెల్లగా.

పొమ్మన్నా.

ఆమెని నేల్లో పెట్టాక నేనే మాచర్ల పోయా. మేనమామ గుమ్మంలోనే నిలబెట్టాడు. "టీచరమ్మ వస్తేనే పంపమని పెద్దాయన మాట" అన్నాడు. ఆమె లేదయ్యా అంటే, "నాకు మాటే ముఖ్యం" అన్నాడు. నిరోష కల్లంలో కాయలేరతా తల ఎత్తి చూసింది, నన్ను కాదు, నా ఎనకాల ఎవరన్నా వస్తన్నారేమో అని. ఊరొచ్చి బ్రహ్మయ్యనడిగితే, ఆడిన మాట తిప్పుకోనన్నాడు. ఆ పిల్ల ఇంకా ఆడనే ఉంది.